తిరుపతి నుంచి లాంగ్ ట్రైల్‌కి పోయేవాళ్ళు సామాను ఎలా ఎంచుకోవాలి, బ్యాగ్ ఎలా సర్దుకోవాలి

నెలల తరబడి నడిచే ట్రైల్‌కి పోదామని ఫిక్స్ అయినవాళ్ళు చాలామంది ఫస్ట్ చేసే పని బ్యాగ్ కొనడం. దాన్ని మాత్రం అన్నిటికన్నా లాస్ట్‌లో కొనండి. 70 లీటర్ల బ్యాగ్ ముందే ఇంటికి తెచ్చి పెట్టుకుంటే ఇంకా ఖాళీ ఉంది కదా ఇది గూడా పెడదాం, అది గూడా పెడదాం అని అది నిండేదాకా మనసు ఊరుకోదు, అదే సామాను అంతా తేలినాక దానికి పట్టే బ్యాగ్ చూస్తే 50 లీటర్ల లోపలే శానా మందికి సరిపోతుంది.

ఈడ ఉదాహరణకి పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ తీసుకుంటా. అమెరికాలో మెక్సికో బార్డర్ కాడ మొదలై కెనడా బార్డర్ దాకా పోతుంది, 4,265 కిలోమీటర్లు, మామూలుగా ఐదు నెలలు పడుతుంది. మనోళ్ళకి ఇది ఎందుకు మంచి ఉదాహరణ అంటే మొదటి 1,100 కిలోమీటర్లు దక్షిణ కాలిఫోర్నియా ఎడారి పక్క, ఆ ఎండ తిరుపతిలో మే నెల చూసినవాళ్ళకి కొత్త కాదు, కానీ ఆ తర్వాత వచ్చే సియెర్రా కొండల్లో ఫారెస్టర్ పాస్ 4,009 మీటర్ల ఎత్తు, దాంట్లో మన తిరుమల కొండ నాలుగో వంతు గూడా ఉండదు, ఆ మంచు, ఆ రాత్రి చలి మనకి బొత్తిగా తెలీదు. అంటే ఒకే బ్యాగ్ రెండింటికీ పనికి రావాల. అమెరికాలోనే తూర్పు పక్క ఉండే అప్పలేచియన్ ట్రైల్‌కి పోయినా, నర్మదా నది చుట్టూ నడిచే పరిక్రమకి పోయినా లెక్క వేసే పద్ధతి ఇదే, వస్తువులు మారతాయంతే.

ముందు కాటా

వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి, కొన్ని వందల్లో వస్తుంది, మీరు పెట్టే ఖర్చుల్లో దీనంత పనికొచ్చేది ఇంకోటి ఉండదు. ఇంట్లో ఏమేం తీసుకుపోవాలనుకుంటున్నారో అన్నీ నేల మీద పరిచి ఒక్కోటి తూకం వేసి ఫోన్‌లో షీట్ చేసి రాసుకోండి, సాక్సు జత గూడా, ఛార్జర్ వైర్ గూడా. తిండి, నీళ్ళు, గ్యాస్ తీసేసి మిగిలిన సామాను మొత్తం బరువుని బేస్ వెయిట్ అంటారు. అది 9 కిలోల లోపల ఉంటే లైట్ అంటారు, 4.5 కిలోల లోపల ఉంటే అల్ట్రాలైట్. మొదటిసారి పోయేవాళ్ళు 6, 7 కిలోలు టార్గెట్ పెట్టుకుంటే చాలు అని నా అభిప్రాయం, 4.5కి దిగాలంటే డబ్బు జాస్తి పెట్టాల, అనుభవం గూడా ఉండాల, చలిలో అది లేకపోతే కష్టం.

ఎందుకింత పట్టింపు అంటే లెక్క చూడండి. సామాను 7 కిలోలు, ఐదు రోజుల తిండి రోజుకి 800 గ్రాముల చొప్పున 4 కిలోలు, ఎడారిలో నీళ్ళు 4 లీటర్లు అంటే ఇంకో 4 కిలోలు, మొత్తం 15. అరవై కిలోల మనిషికి అది ఒంటి బరువులో పావు వంతు. బేస్ వెయిట్ 12 అయితే 20 కిలోలు వీపు మీద పెట్టుకుని రోజుకి 25, 30 కిలోమీటర్లు నడవాల, మోకాళ్ళు, పాదాలు ఎన్ని వారాలు తట్టుకుంటాయో మీరే ఆలోచించండి.

తూకం అయినాక ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకోండి, ఇది రోజూ వాడతానా, ఇది లేకపోతే ప్రాణం మీదకి వస్తుందా. రెండింటికీ కాదు అనే జవాబు వస్తే అది ఇంట్లోనే. రెండో జీన్స్, లావు పుస్తకం, స్టీలు టిఫిన్ బాక్సు ఇట్లాంటివి ఆడే ఆగిపోతాయి. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ ముసలావిడ సొంతంగా కుట్టుకున్న గుడ్డ సంచి భుజానేసుకుని, కెడ్స్ బూట్లు తొడుక్కుని, ఒక దుప్పటి, వానకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ షవర్ కర్టెన్ పెట్టుకుని 3,000 కిలోమీటర్ల పైన ఉండే అప్పలేచియన్ ట్రైల్ ఒక్కతే మొత్తం నడిచేసింది. ఆమె మాదిరి పొమ్మని కాదు నేను చెప్పేది, పదకొండు మంది పిల్లల్ని పెంచిన పల్లెటూరి ఒళ్ళు ఆమెది, కానీ ఖరీదైన సామాను లేకపోతే నడవలేము అనే భయం మాత్రం ఆమెని తల్చుకుని వదిలేయండి.

పడుకునేదాని మీద డబ్బు పెట్టండి

బరువంతా మూడింటిలోనే ఉంటుంది, టెంటు, స్లీపింగ్ బ్యాగు దాని కింద మ్యాటు, ఆ తర్వాత వీపు బ్యాగు. చెంచా సగానికి కోసి పది గ్రాములు మిగిల్చే ముందు వీటిలో కిలోలు మిగల్చండి.

టెంటు ఒక మనిషికి అయితే 1.2 కిలోల లోపల చూడండి. చేతి కర్రలే స్తంభాలుగా పెట్టి నిలబెట్టే టెంట్లు తేలిక, విడిగా పోల్స్ మోయక్కర్లా, కానీ మేకులు దిగని రాతి నేల మీద వేయడం తెలిసుండాల. ఒకే పొర గుడ్డ ఉండే సింగిల్ వాల్ టెంటులో మన ఊపిరి తడే లోపల గుడ్డకి పట్టి తెల్లారేసరికి చెమ్మ కారుతుంది, రెండు పొరలుండే డబుల్ వాల్ కొంచెం బరువైనా మొదటిసారికి అదే నయం.

మనోళ్ళు జాస్తి ఇబ్బంది పడేది స్లీపింగ్ బ్యాగ్ కాడ. దాని మీద రెండు టెంపరేచర్లు రాసుంటారు, ఒకటి కంఫర్ట్, ఇంకోటి లిమిట్. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుని ఎట్లనో రాత్రి గడిపేయడం, దాన్ని చూసి కొనొద్దు, కంఫర్ట్ నంబరే చూడండి. చలికాలంలో ఫ్యాను కట్టేస్తే చాలు అనుకునే ఊరి నుంచి పోతున్నాం మనం, కాబట్టి ఆడ ఎంత చలి ఉంటుందో దానికన్నా ఇంకో ఐదు డిగ్రీల చలికి సరిపోయేది తీసుకోండి. పసిఫిక్ క్రెస్ట్‌కి మైనస్ 7 డిగ్రీల రేటింగ్ ఉండేది శానా మంది వాడతారు. లోపల బాతు ఈకలు ఉండేది తేలిగ్గా, చిన్నగా నలిగిపోతుంది, కానీ తడిస్తే ఉబ్బు పోయి వెచ్చదనం ఉండదు, సింథటిక్ బరువు జాస్తి కానీ తడిసినా కొంత పని చేస్తుంది. నేనైతే ఈకలదే కొనమంటా, తడవకుండా చూసుకునే పద్ధతి కింద చెప్తా. ఇంకోటి, కొన్నాక ట్రిప్ దాకా దాన్ని ఆ చిన్న సంచిలో కుక్కి బీరువాలో పెట్టేయకండి, ఈకలు నలిగిపోయి మళ్ళీ ఉబ్బవు, పాత కాటన్ దుప్పటిలో వదులుగా మూట కట్టి తేమ తగలని చోట పైన పెట్టండి, మన వానాకాలంలో బూజు వాసన పట్టకుండా అప్పుడప్పుడు నీడలో ఆరేయండి.

మ్యాటు గురించి ఎవరూ పట్టించుకోరు. ఒంటి వేడిని నేల లాగేస్తుంది, పైన ఎంత మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉన్నా వీపు కింద అది నలిగిపోయి ఉంటుంది కాబట్టి కింది నుంచి వచ్చే చలిని ఆపేది మ్యాటే. దాని మీద ఆర్ వాల్యూ అని నంబరు ఉంటుంది, అది ఎంత పెద్దదైతే చలిని అంత బాగా ఆపుతుంది, మంచు పక్క పోతే 4 దగ్గర ఉండాల. యోగా మ్యాటు దీనికి పనికిరాదు. మడతపెట్టే ఫోమ్ మ్యాటు చవక, ముల్లు గుచ్చుకున్నా ఏం కాదు, కానీ ఆర్ వాల్యూ 2 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ఎడారి దాకా అది చాలు, సియెర్రా చలికి గాలి మ్యాటు కావాల.

పాదాలు

బూట్ల షాపులో సాయంత్రం పూట కొలవండి, పొద్దంతా తిరిగినాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. లాంగ్ ట్రైల్‌లో పాదం ఇంకా సాగుతుంది, అందుకని మీ మామూలు సైజుకన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి, దిగుడులో బొటనవేలు ముందుకి పోయి తగలకూడదు, తగిలితే గోరు నల్లబడి ఊడిపోతుంది. పెద్ద లెదర్ బూట్లు అక్కర్లా, ట్రైల్ రన్నింగ్ షూలు చాలు, తేలిక, తడిసినా తొందరగా ఆరతాయి, కాకపోతే ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లకే అరిగిపోతుంది, అంటే మొత్తం ట్రైల్‌కి ఐదు నుంచి ఎనిమిది జతలు లెక్క పెట్టుకోండి. అన్నీ ఒకేసారి కొనిపెట్టుకోవద్దు, పాదం సైజు మారినాక అవి వేస్టు.

సాక్సులు ఉన్నివి మూడు జతలు, రెండు నడవడానికి, ఒకటి పడుకోవడానికి మాత్రమే, దాన్ని ఎట్టి పరిస్థితిలో నడకకి వాడొద్దు. కాటన్ సాక్సు వద్దు, చెమట పట్టుకుని ఆరదు, అది రాసుకునే బొబ్బలు వస్తాయి. పాదం మీద ఎక్కడైనా చురుక్కుమని వేడిగా అనిపించగానే ఆ క్షణమే ఆగి బూటు విప్పి టేపు వేయండి, ఇంకో కిలోమీటరు పోయాక చూద్దాం అనుకుంటే అది బొబ్బే.

బట్టలు తొందరగా చెప్పేస్తా. నడిచే జత ఒకటి, పడుకునే జత ఒకటి, పల్చటి ఫ్లీసు, ఈకల జాకెట్టు, వాన జాకెట్టు, టోపీ, గ్లవ్సు. ఎడారికి పొడుగు చేతుల వదులు చొక్కా, మన పక్క చేలో పనిచేసేవాళ్ళు ఎండలో చొక్కా మీద చొక్కా ఎందుకేసుకుంటారో అందుకే. జీన్స్, కాటన్ టీషర్టు వద్దు.

నీళ్ళు, తిండి

నీళ్ళకి పల్చటి ప్లాస్టిక్ బాటిళ్ళు రెండు, మడతపెట్టే రెండు లీటర్ల సంచులు రెండు. ఎడారిలో కొన్ని చోట్ల 30 కిలోమీటర్ల దాకా నీళ్ళు దొరకవు కాబట్టి ఐదారు లీటర్లు పట్టే ఏర్పాటు ఉండాల. పిండే రకం ఫిల్టర్ ఒకటి చాలు, కానీ లోపల సన్న గొట్టాలు ఉంటాయి, ఒక్కసారి గడ్డకడితే పగిలిపోతాయి, బయటికి చూస్తే ఏం తెలీదు, అందుకని చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగ్ లోపల మీతోపాటే పడుకోబెట్టండి.

మనం నీళ్ళతో కడుక్కునేవాళ్ళం కదా, దానికి చిన్న బాటిలు మూత రంధ్రం చేసి విడిగా పెట్టుకోండి, పేపరు మోసే పని, వాడింది కవర్‌లో వెనక్కి తెచ్చే పని తగ్గుతుంది. వాగుకి, దారికి 60 మీటర్ల దూరం పోయి 15, 20 సెంటీమీటర్ల గుంత తవ్వాల, చిన్న పార ఒకటి 20 గ్రాముల్లోనే దొరుకుతుంది.

తిండి విషయంలో బరువుకి ఎంత శక్తి వస్తుందో చూడాల. 100 గ్రాముల శెనక్కాయల్లో దగ్గర దగ్గర 570 క్యాలరీలు, బెల్లంలో 380, అటుకుల్లో 350, నెయ్యిలో 900. రోజంతా నడిచేవాళ్ళకి మూడున్నర వేల నుంచి ఐదు వేల దాకా కావాల. అంటే శెనక్కాయ ఉండలు, నువ్వుల ఉండలు, మామిడి తాండ్ర, మన చిత్తూరు పక్క ఇంట్లో ఉండేవే ట్రైల్‌కి కరెక్టుగా సరిపోయే తిండి. ట్రైనింగ్ నడకలకి అవే పెట్టుకోండి. అమెరికాకి మాత్రం ఇంటి నుంచి మూటలు కట్టుకుని పోవద్దు, బియ్యం, పప్పులు ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు, ఏ తిండి ఉన్నా అడిగినప్పుడు ఉందని చెప్పాల, దాస్తే ఫైన్ వేస్తారు. కారప్పొడి, పప్పుల పొడి చిన్న పొట్లం పెట్టుకుని చూపించండి, ఓకే అంటే ఉంచుకోవచ్చు. అయిదో రోజు ఆ చప్పిడి నూడుల్స్‌లోకి చిటికెడు పప్పుల పొడి పడితే పోయే ఆకలి మళ్ళీ వస్తుంది, అంతకి దాన్ని మోయచ్చు. సియెర్రాలో కొన్ని చోట్ల ఎలుగుబంట్ల వల్ల తిండి గట్టి డబ్బాలో పెట్టడం రూల్, ఆ డబ్బానే కిలో పైన ఉంటుంది, దాన్ని మొదటి నుంచి మోయకుండా ఆ కొండల ముందుండే ఊరికి పార్సిల్ వేయించుకోండి.

కరెంటు సామాను

ఫోను, తలకి కట్టుకునే లైటు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, వైర్లు. పవర్ బ్యాంకు విమానంలో చేతి బ్యాగులోనే ఉండాల, గ్యాస్ డబ్బా ఎందులోనూ ఒప్పుకోరు, ఆడ దిగినాక కొనాల. శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం ఒంటరిగా నడిచేవాళ్ళకి ఆడ శానా అవసరం, కానీ మన దేశంలో పర్మిషన్ లేకుండా అది దగ్గర పెట్టుకోవడమే నేరం, దీంతో ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి కేసులైనవాళ్ళు ఉన్నారు. అందుకని అమెరికాలోనే తీసుకుని, తిరిగొచ్చేటప్పుడు ఆడే ఎవరికైనా ఇచ్చేసి రండి.

బ్యాగ్ కొలత, సర్దే వరస

ఇప్పుడు బ్యాగ్. మీ ఎత్తుని బట్టి కొనొద్దు, వీపు పొడుగుని బట్టి కొనాల. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది కదా, ఆడి నుంచి నడుము ఎముకలు పైన చేతులు పెట్టుకుంటే రెండు బొటనవేళ్ళు కలిసే గీత దాకా టైలర్ టేపుతో ఇంట్లోవాళ్ళ చేత కొలిపించుకోండి, ఆ నంబర్‌కి సరిపోయే సైజు తీసుకోండి. పది కిలోల బియ్యం మూట వేసి భుజాన తగిలించుకుని నడుము బెల్టు బిగిస్తే బరువు జాస్తిగా తుంటి మీదకి దిగాల, భుజం పట్టీల కింద వేలు సులభంగా దూరాల. అట్లా దిగకపోతే ఎంత పేరున్న బ్యాగ్ అయినా వదిలేయండి.

సర్దేటప్పుడు ముందు లోపల మందపాటి పెద్ద పాలిథీన్ కవర్ వేయండి. పైన కప్పే రెయిన్ కవర్‌ని నమ్ముకోవద్దు, వీపు పక్క నుంచి నీళ్ళు దిగుతాయి. ఆ కవర్ లోపల అడుగున స్లీపింగ్ బ్యాగు, సంచి లేకుండా వదులుగా కుక్కితే మూలల్లోకి పోయి ఖాళీ లేకుండా కూర్చుంటుంది. దాని మీద రాత్రి బట్టలు, ఆ పైన కవర్ మూతి మెలిపెట్టి మడవండి. దాని పైన వీపుకి ఆనుకుని తిండి, అదే అన్నిటికన్నా బరువు కాబట్టి మధ్యలో, ఒంటికి దగ్గరగా ఉండాల, దూరంగా పెడితే వెనక్కి లాగుతుంది. టెంటు తడిసుంటుంది కాబట్టి బయటి జాలి జేబులో. వాన జాకెట్టు అన్నిటికన్నా పైన. ఆ పూట తినేది, టేపు, సన్‌స్క్రీన్ నడుము జేబుల్లో. ఏది యాడుందో కళ్ళు మూసుకుని తీసేదాకా ఇంట్లో నాలుగైదు సార్లు విప్పి సర్దండి.

మన ఊర్లోనే టెస్ట్ చేయండి

వానకి మన నవంబరు చాలు. వాయుగుండం పడిందని వార్త రాగానే మిద్దె మీద టెంటు వేయండి, మేకులు దిగవు కదా, తాళ్ళు ఇటుకలకో నీళ్ళ క్యాన్లకో కట్టండి, రాత్రి దాంట్లోనే పడుకోండి. ఏ కుట్టు కాడ నీళ్ళు కారతాయో, గాలికి ఏ పక్క కొట్టుకుంటుందో తెలిసిపోతుంది. ఉరుములు మెరుపులు మొదలైతే మాత్రం వెంటనే కిందికి దిగేయండి.

ఎక్కుడుకి అలిపిరి మెట్లు, 3,550. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కానీ నిటారు. చెకింగ్ ఉంటుంది కాబట్టి స్టవ్వు, కత్తి, ప్లాస్టిక్ బాటిళ్ళు ఇంట్లో పెట్టేసి వాటి బరువుకి బియ్యం మూట వేసుకోండి. చిరుతలు తిరిగే దారి, తెల్లారినాక జనంతో కలిసి పోండి. ఆ మెట్ల మీద శానా మంది చెప్పులు లేకుండా ఎక్కుతారు, మనం గూడా అట్లే పోయి అది బ్యాగ్ టెస్ట్, మోకాళ్ళ టెస్ట్ అనుకోండి, బూట్ల టెస్ట్ విడిగా పెట్టుకోండి. మోకాళ్ళ మెట్టు కాడ బెల్టు ఎట్లుందో, భుజం యాడ రాసుకుంటోందో అప్పటికప్పుడు ఫోన్‌లో రాసుకోండి, ఇంటికొచ్చాక గుర్తుండదు.

బూట్లకి శ్రీకాళహస్తి దారి మంచిది, నలభై కిలోమీటర్ల లోపే, నిండు బ్యాగ్‌తో రెండు రోజులుగా పెట్టుకుని తెల్లవారుజామున నాలుక్కే బయల్దేరి ఎండెక్కే లోపల ఆ రోజు నడక అయిపోగొట్టండి, హైవే మీద ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడి పక్క నడవండి, తలలైటు వేసుకోండి. కొండ దారులే కావాలని శేషాచలం అడవిలోకి మాత్రం పర్మిషన్ లేకుండా దూరొద్దు, ఎర్రచందనం వల్ల ఆడ నిఘా గట్టిగా ఉంటుంది, వీపు మీద పెద్ద బ్యాగ్‌తో కనపడితే మీరు చెప్పేది వినేవాళ్ళు ఉండరు.

చలిని మాత్రం ఈడ టెస్ట్ చేయలేము. హార్స్‌లీ హిల్స్ జనవరి రాత్రి కొంచెం అలవాటు చేస్తుందేమో గానీ మంచు కాదు. అందుకని పెద్ద ట్రైల్‌కి ముందు ఉత్తరాఖండ్‌లోనో హిమాచల్‌లోనో నాలుగైదు రోజుల ట్రెక్ ఒకటి మీ సొంత స్లీపింగ్ బ్యాగ్, మ్యాటుతోనే చేసి రండి, అద్దెకి ఇచ్చేవి వాడితే ఆ ట్రిప్ నుంచి మీకేం తెలీదు.

ప్రతి టెస్ట్ అయినాక మళ్ళీ షీట్ తెరవండి. ముట్టుకోని వస్తువు పక్కన గుర్తు పెట్టండి, రెండు నడకల్లో ముట్టుకోకపోతే తీసేయండి. టేపు, సూది, ఓఆర్‌ఎస్, పారాసెటమాల్ వీటికి ఈ రూల్ లేదు, అవి వాడకపోయినా ఉంటాయి.

విమానం ఎక్కే రోజు చేతి కర్రలు, టెంటు మేకులు, కత్తి చెకిన్‌లోకి, బ్యాగ్ పట్టీలు బెల్టుల్లో ఇరుక్కుని తెగకుండా మొత్తం బ్యాగ్‌ని ఒక గోనె సంచిలోనో పెద్ద చౌక సంచిలోనో వేసి మూతి కుట్టేయండి. డాక్టర్ రాసిన మందులు చీటీతో సహా, పవర్ బ్యాంకు, పాస్‌పోర్టు, పర్మిట్ కాగితాలు చేతిలో. నడిచి అలవాటైన బూట్లు కాళ్ళకే వేసుకుని ఎక్కండి, లగేజీ రెండు రోజులు లేటుగా వచ్చినా మిగతావన్నీ ఆడ కొనుక్కోవచ్చు, మీ పాదానికి అలవాటు పడిన జత మాత్రం దొరకదు.